నేరేడు రంగు నాలుక: మెండోసాలో ఆరు రోజులు

మొదటి రోజు

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ నుంచి ఆ దేశపు వైన్ సీమ మెండోసాకు రాత్రి బస్సు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దారి. భోజనం పెట్టారు, దుప్పటి ఇచ్చారు, సీటు పూర్తిగా వాలింది, అయినా నిద్ర పట్టలేదు. మన గడియారానికి ఎనిమిదిన్నర గంటలు వెనక నడిచే దేశంలో ఏది రాత్రో ఏది పగలో నా ఒంటికి ఇంకా తేలలేదు. తెల్లవారేసరికి కిటికీ అవతల ముళ్లకంపలు, ఇసుక, దుమ్ము. ఇవతల మా మేనల్లుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాడు మూడేళ్లుగా బ్యూనస్ ఐరిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "మామయ్యా, ద్రాక్షతోటలో పుట్టినవారు మీరు, మెండోసా చూడకపోతే ఎలా?" అని ఫోనులో రెండేళ్లు పోరి నన్ను రప్పించాడు.

ద్రాక్షతోటలో పుట్టానన్నది పూర్తిగా అబద్ధం కాదు. మా తాతగారికి హైదరాబాద్ శివార్లలో అనాబ్-ఎ-షాహి తోట ఉండేది. రాతి కూసాల మీద తీగల పందిరి, పందిరి కింద పచ్చని వెలుగు, తలకు తగులుతూ వేలాడే గుత్తులు. ఆకుల మీద బోర్డో మిశ్రమం కొట్టిన రోజున మా చొక్కాలన్నీ నీలం చుక్కలయ్యేవి. బోర్డో అనేది ఫ్రాన్సులో వైన్‌కు పేరుపడ్డ ఊరని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ల తరువాత. అప్పటికి తోట ప్లాట్లయిపోయింది.

మెండోసా ఊళ్లోకి రాగానే ఎడారి మాయమైంది. వీధికి రెండు వైపులా ఆకాశాన్ని కప్పేసే చెట్లు, వాటి మొదళ్ల పక్కనే రాళ్లతో కట్టిన కాలువలు. అసెకియాలంటారు. 1561లో స్పెయిన్ వాళ్లు ఊరు కట్టక ముందే ఇక్కడి హువార్పే జాతి వాళ్లు ఆండీస్ కొండల మంచు కరిగిన నీటిని కాలువల్లోకి మళ్లించుకున్నారు. ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. చెట్టయినా చేనైనా బతికేది ఈ కాలువల మీదే. 1861 భూకంపంలో ఊరు నేలమట్టమైంది. మళ్లీ కట్టినప్పుడు వీధులు వెడల్పుగా వేసి, జనం పరుగెత్తి నిలబడడానికి మధ్యమధ్యలో పెద్ద మైదానాలు వదిలారు. కాలువలకు మాత్రం మూతలు పెట్టలేదు. పెట్టె లాక్కుంటూ చెట్లను చూస్తూ నడిచిన నేను పది నిమిషాల్లోనే ఒక కాలు కాలువలో పెట్టాను. నీళ్లు లేవు కాబట్టి బూటు తడవలేదు గాని మోకాలు దోక్కుపోయింది.

నీళ్లెందుకు లేవని బస చేసిన ఇంటి పెద్దాయనను మేనల్లుడు అడిగాడు. ఇవాళ ఈ వీధి వంతు కాదట. తోమెరో అనే మనిషి ఉంటాడట, తూము ఎత్తి ఏ తోటకు ఎన్ని గంటలు నీరు పారాలో అతనే చూస్తాడట.

"ఒరేయ్, తోమెరో అంటే మన నీరటి!" అన్నాను.

వాడికి నీరటి అంటే ఎవరో తెలియదు. చెరువు తూము దగ్గర కూర్చుని వంతులవారీగా మళ్లకు నీళ్లు వదిలేవాడని చెప్పాను. "అయితే నీరటి అంటే తోమెరో అన్నమాట" అన్నాడు తృప్తిగా. తెలుగు మాట స్పానిష్ మీదుగా అర్థమయ్యే పిల్లలు పుట్టారు మన ఇళ్లలో.

మధ్యాహ్నం ఒంటిగంటకు మూతపడిన అంగళ్లు సాయంత్రం దాకా తెరవలేదు. భోజనాల హోటళ్లు రాత్రి తొమ్మిదికి గాని ఊపందుకోవు. నీరసంతో కళ్లు తిరుగుతుండగా మా ముందుకు మొదటి వైన్ సీసా వచ్చింది. మేనల్లుడు ముందే ఎంచి పెట్టుకున్నాడు, నాలుగు రోజుల బస ఖర్చుకు సరిపడే ధర. సీసా గాజు ఎంత మందమంటే, నిండుగా ఉందో ఖాళీగా ఉందో ఎత్తి చూసి చెప్పలేము. మాంసం కాల్చే పొయ్యికి నాలుగడుగుల దూరంలో అలమరాలోంచి తీసి పోశారు.

రంగు చూసి మాత్రం ముచ్చటపడ్డాను. ఎరుపు కాదది. నడిమధ్య సిరా నలుపు, గ్లాసు అంచున వంగపండు రంగు. ఆ అంచు రంగు మాల్బెక్ అనే ద్రాక్ష జాతి లక్షణమట. నోట్లో పోసుకున్నాక ముచ్చట తీరిపోయింది. ముందు వెనిలా, తరువాత మాడిన కొబ్బరి, ఆ తరువాత ముక్కులోకి ఎగదన్నే సారా ఘాటు. పండు ఎక్కడో ఉంది, కాని దుంగ కింద పడి ఉంది. నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాను: "కొత్త పీపా కర్రను తేనెలో నానబెట్టి వెచ్చచేసినట్టు. దగ్గుమందుకు చుట్టం. సీసాకు పది, లోపలి సరుకుకు నాలుగు."

"మామయ్యా, ఇది బహుమతులు వచ్చిన వైన్" అన్నాడు వాడు చిన్నబుచ్చుకుని.

రెండో రోజు

మెండోసా పక్కనే ఉన్న మైపుకు ట్రాములో వెళ్లాము. అమెరికాలోని శాన్ డియెగోలో నడిచి నడిచి అలసిన పాత పెట్టెలను తెచ్చి 2012 నుంచి ఇక్కడ నడుపుతున్నారు. చివరి స్టేషనులో దిగి అద్దె సైకిళ్లు తీసుకున్నాము. నా సైకిల్‌కు బ్రేకులు మాటకే ఉన్నాయి. రెండో కిలోమీటరులో గాలి కూడా పోయింది. అద్దెకిచ్చినవాళ్లకు ఫోను చేస్తే మధ్యాహ్నం నిద్ర వేళట, నాలుగు తరువాత వస్తామన్నారు. సైకిల్‌ను నడిపించుకుంటూ నేను, జాలిగా పక్కన తొక్కుతూ వాడు.

ఆ నడకే మేలు చేసింది. దారి పక్కన ఒక పాత తోటలో తీగలు పందిరెక్కి ఉన్నాయి! ఇక్కడ పర్రాల్ అంటారు. కూసాలు కర్రవి, మావి రాతివి, అంతే తేడా. వంగి లోపలికి తొంగి చూశాను. అదే పచ్చని వెలుగు. ఏప్రిల్ రెండో వారం కాబట్టి గుత్తులు చాలావరకు కోసేశారు, ఆకులు అక్కడక్కడా పసుపు తిరుగుతున్నాయి. మా తాతగారి తోటలో తీగకు చలికాలపు నిద్ర లేదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక పంట తీసుకునేవాళ్లం. ఇక్కడి తీగ మే నుంచి ఆగస్టు దాకా మోడై పడుకుంటుంది.

మేము చేరిన బోదెగా నూరేళ్లు దాటినది. (బోదెగా అంటే మన పంట బోదె కాదు, వైన్ తయారుచేసే చోటు.) 1885లో రైలు వచ్చాక ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి గుంపులు గుంపులుగా వలస వచ్చిన కుటుంబాలు కట్టిన భవనాల్లో ఇదొకటి. మట్టి ఇటుకల మందపాటి గోడలు, లోపల గది ఎత్తున సిమెంటు తొట్లు. తొట్టి మూతకు అంటుకున్న ఊదారంగు స్ఫటికాలను చూపించిన అమ్మాయి గోటితో ఒకటి గీకి నా అరచేతిలో పెట్టింది. నాలుక మీద వేసుకుంటే చింతపండు పులుపు. అదేం ఆశ్చర్యం కాదు, చింతపండులో ఉండేదీ ద్రాక్షలో ఉండేదీ ఒకే టార్టారిక్ ఆమ్లం.

మాల్బెక్ కథను ఆ అమ్మాయి నడుస్తూ చెప్పింది. పుట్టిల్లు నైరుతి ఫ్రాన్సులోని కావోర్. అక్కడ దాన్ని కో అని పిలుస్తారు, దాని వైన్‌ను ఒకప్పుడు నల్ల వైన్ అనేవారు. 1853 ఏప్రిల్ 17న మెండోసాలో వ్యవసాయ పాఠశాల పెట్టాలన్న ప్రతిపాదన శాసనసభ ముందుకు వచ్చింది. దాన్ని నడపడానికి వచ్చిన ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు మిషెల్ ఎమె పూజె తనతో తెచ్చిన కొమ్మల్లో ఇదీ ఉంది. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ మాల్బెక్ దినమని జరుపుతున్నారు. పుట్టింట్లో దానికి పూత రాలిపోయే జబ్బు, తేమకు తెగులు. 1956 ఫిబ్రవరి మంచుకు కావోర్ తోటలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇక్కడ ఎండ, పొడిగాలి, లెక్కప్రకారం నీళ్లు. మెట్టినింట్లో బాగుపడిన పిల్ల.

అయితే మెట్టినింటివాళ్లూ మొదట్లో దాని విలువ గుర్తించలేదు. 1960ల్లో దేశంలో 50 వేల హెక్టార్ల దాకా ఉన్న మాల్బెక్‌ను ధర లేక పెరికి పారేస్తే 1990ల నాటికి 10 వేల హెక్టార్ల చుట్టుపక్కల మిగిలింది. 1970 ప్రాంతంలో అర్జెంటీనాలో మనిషికి ఏడాదికి 90 లీటర్ల వైన్ తాగేవారు. అది పడిపోతూ వచ్చి ఇప్పుడు 20 లీటర్ల లోపుకు చేరింది. ఇంట్లో గిరాకీ తగ్గాకే బయట అమ్మదగిన వైన్ చేయడం మొదలుపెట్టారు. తరువాత మాల్బెక్‌ను మళ్లీ నాటారు.

తొట్టి కుళాయి తిప్పి పోసిన గ్లాసు నన్ను ఆపేసింది. కర్ర పీపా ముఖం చూడని వైన్. ఏ ఆర్భాటమూ లేదు. ఎర్రటి పళ్ల వాసన, కొంచెం పులుపు, చివర చిన్న వగరు. భోజనంలోకి మజ్జిగలాగా రోజూ తాగే సరుకు. ధర చూస్తే నిన్నటి సీసా డబ్బుతో ఇవి ఏడు వస్తాయి. ఒకటి కొన్నాను. పక్కనే ఆలివ్ నూనె మిల్లులో రొట్టె ముంచుకుని తిన్న నూనె గొంతులో కారంగా గుచ్చింది, పచ్చి ఆవనూనె జ్ఞాపకం వచ్చింది. మ్యూజియం కూడా చూశాము. పాత పీపాలు, పాత ఫోటోలు, అంతే.

నాలుగున్నరకు సైకిల్‌వాళ్లు వచ్చి, గాలి పోవడానికి అదనపు రుసుము అడిగారు.

మూడో రోజు

లుహాన్ దె కుయో. ఊరికి దక్షిణంగా ఇరవై కిలోమీటర్లు, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల చుట్టుపక్కల. ఆండీస్ ఇక్కడ ఇంటి వెనక గోడలా నిలబడి ఉంటుంది.

తెల్లటి బల్ల, ఒక్కొక్కరి ముందు ఐదు గ్లాసులు, పెన్సిలు, రుచుల జాబితా అచ్చేసిన కాగితం. చవిచూసింది మింగకుండా ఉమ్మడానికి ఒక డబ్బా. మా బల్ల దగ్గర ఇద్దరు బ్రెజిల్ దంపతులు, ఒక జర్మన్ ఆయన. రుచి చూపించే మనిషి యాభై ఏళ్లావిడ, మాట నిదానం. ఆమె ఒక్కో గ్లాసు గురించి చెబుతుంటే అందరూ జాబితాలో టిక్కులు పెడుతున్నారు: ప్లమ్, బ్లాక్‌బెర్రీ, వయొలెట్ పువ్వు, చాక్లెట్, తోలు.

నా పెన్సిలు కదలలేదు. వయొలెట్ పువ్వును నేను జన్మలో వాసన చూడలేదు. బ్లాక్‌బెర్రీని జామ్ సీసా మీద బొమ్మగా తప్ప చూడలేదు. తెలియని వస్తువు వాసన వచ్చిందని సంతకం పెట్టడం ఎలా? కాగితం తిరగేసి వెనకవైపు తెలుగులో రాయడం మొదలుపెట్టాను.

మూడో గ్లాసు దగ్గర ముక్కు పెట్టగానే మాట దానంతటదే వచ్చింది: నేరేడు. బాగా పండి, కింద పడి, కాస్త చిట్లిన నేరేడు పండు. ఒక గుక్క పుక్కిలించి ఉమ్మి, నాలుక బయటపెట్టి మేనల్లుడి ఫోను అద్దంలో చూసుకున్నాను. బడి మానేసి చెట్టెక్కిన రోజుల నాలుకే! బ్రెజిల్ ఆవిడ నవ్వు ఆపుకోలేక తను కూడా నాలుక చాపింది. అదే రంగు.

రెండో మాట వగరు. ఇక్కడే నాకు మన భాష మీద కొంచెం గర్వం కలిగింది, దాచుకోను. రుచి చూపించే ఆవిడ వైన్‌కు వగరునిచ్చే టానిన్ల గురించి చెప్పడానికి చాలా కష్టపడింది. తొక్క నుంచి, గింజ నుంచి దిగుతాయని, ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టుకుని నోటి జిగురును లాగేస్తాయని, అందుకే చిగుళ్లు గరుకెక్కినట్టు అనిపిస్తుందని వివరించింది. అది నాలుక రుచి కాదు, స్పర్శ లాంటిదని కూడా అంది. మనం ఉగాది పచ్చడిలో పచ్చి మామిడి పిందె వేసి ఆ పనికి ఒక పేరే పెట్టుకున్నాము. పేరు ఉంటే తేడాలు కూడా తెలుస్తాయి. పచ్చి అరటికాయ వగరు నోటిని పిడచగట్టిస్తుంది. వక్క వగరు చెంపలను లోపలికి పీలుస్తుంది. ఉసిరికాయ వగరు మొదట కసిరి, మంచినీళ్లు తాగగానే తీపిగా మారుతుంది. నేరేడుది మెత్తటి వగరు, నాలుక మధ్యలో కూర్చుంటుంది.

కాగితం వెనక నా లెక్క ఇలా తేలింది. మొదటి గ్లాసు లేతది, వగరే లేదు, పళ్లరసానికి ఎక్కువ, వైన్‌కు తక్కువ. రెండోది అరటికాయ. గింజ ముదరక ముందే కోసిన తొందర కనిపిస్తోంది. ఆవిడ దాన్ని దృఢమైన వైన్ అంది, నేను ఒప్పుకోను. మూడోది నేరేడు. పండు, పులుపు, వగరు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని ఉన్నాయి. నాలుగోది కొత్త ఓక్ పీపాలో పద్దెనిమిది నెలలు పెట్టినది, మొదటి రాత్రి సీసాకు పెదనాన్న కొడుకు. ఐదోది పన్నెండేళ్ల పాతది. అంచు రంగు వంగపండు నుంచి ఇటుక రంగుకు దిగింది, వాసనలో తాటిబెల్లం, వాడిన బొగడపూల దండ, చివర వక్కపొడి. మింగాక కూడా మాట్లాడుతూనే ఉంది. మొదటిసారి ఉమ్మే డబ్బా వాడలేదు.

వయొలెట్ పువ్వు వాసన అంటే ఎలా ఉంటుందో చెప్పమని ఆవిడను మేనల్లుడి ద్వారా అడిగించాను. కాసేపు ఆలోచించింది. "నిజం చెప్పాలంటే, మా అమ్మమ్మ బీరువా" అంది. ఆ పువ్వు ఆమెకు కూడా సబ్బు రూపంలోనే తెలుసట. వెళ్లేటప్పుడు నా కాగితం చూపించమంది. "నేరేడు" అన్న అక్షరాల మీద వేలు పెట్టి, అది ఏ పండని అడిగింది. ఫోనులో బొమ్మ చూపించాను. ఇక్కడ దొరకదే అని పెదవి విరిచింది.

మన ఊళ్లలో వైన్స్ అని బోర్డు పెట్టిన దుకాణంలో బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ ఉంటాయి, వైన్ అడిగితే మాత్రం వెతికి దుమ్ము దులిపి ఇస్తారని చెబితే నమ్మలేదు. ప్రమాణం చేశాను.

నాలుగో రోజు

వైన్‌కు సెలవు. చిలీ సరిహద్దు వైపు 7వ నంబరు రోడ్డు మీద కొండల్లోకి వెళ్లి, 6,961 మీటర్ల అకొంకాగువాను దూరం నుంచి చూసి వచ్చాము. ఆసియా బయట అంతకంటే ఎత్తైన కొండ లేదు. మేఘం పది నిమిషాలే తెరిచింది. తలనొప్పి, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర పొడితో అన్నం, తొమ్మిదికల్లా నిద్ర.

ఐదో రోజు

ఉకో లోయ, నగరానికి దక్షిణంగా వంద కిలోమీటర్లు. దారంతా గాలి ఆపడానికి నాటిన పోప్లార్ చెట్లు, శరత్తు కదా, దీపపు వత్తుల్లా పసుపు పచ్చగా నిలబడ్డాయి. తోటల మీద నల్లని వలలు కప్పి ఉన్నాయి. పిట్టల కోసమనుకున్నాను, వడగళ్ల కోసమట. పావుగంట వడగళ్ల వానతో ఏడాది పంట నేలపాలైన తోటలు ఇక్కడ కొల్లలు.

గ్వల్తయారి అనే చోట తోట 1,300 మీటర్ల ఎత్తులో ఉంది. 1992లో నికొలాస్ కతేనా అనే వైన్ తయారీదారు ఇక్కడ ఇంచుమించు 1,450 మీటర్ల ఎత్తున ద్రాక్ష నాటించినప్పుడు ఈ చలికి కాయ పండదని అన్నవారే ఎక్కువ. పగలు ఎండ చురుక్కుమంటుంది, పొద్దు వాలగానే చలి పట్టుకుంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తాకిడికి కాయ తొక్క మందమవుతుంది, రంగు, వగరు అందులోనే ఉంటాయి. రాత్రి చలి పులుపును కాపాడుతుంది. వినడానికి పాఠంలా ఉంది గాని తీగ మీద మిగిలిన ఒక గుత్తి నుంచి కాయ తెంపి నమిలితే పాఠం అక్కర్లేదు. కాయ బఠాణీ గింజంత. తీపి దండిగా ఉంది, వెంటనే పులుపు, తరువాత తొక్క నమలగా నమలగా దిగని వగరు. అనాబ్-ఎ-షాహి కాయ దీని పక్కన పెడితే నీళ్ల తిత్తి.

పక్క వరుసల్లో కోత జరుగుతోంది. చాలామంది బొలీవియా నుంచి, దేశపు ఉత్తరపు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. పంట వెంట ఊరూరా తిరుగుతారు కాబట్టి పిచ్చుకల పేరు పెట్టి గొలొంద్రీనాలంటారట. మేనల్లుడు అది పిచ్చుక కాదు, వానకోవెలలాంటి వలస పిట్ట అని సరిదిద్దాడు. చిన్న కత్తెరతో గుత్తులు కోసి డబ్బాలో నింపుతారు, ఇంచుమించు 20 కిలోలు. నిండగానే భుజానికెత్తుకుని వరుస చివర లారీ దాకా పరుగు. నడక కాదు, పరుగు. లారీ మీద కుమ్మరించగానే పైనున్నవాడు చేతిలో ఒక బిళ్ల పెడతాడు. బిళ్ల జేబులో వేసుకుని మళ్లీ పరుగు. సాయంత్రం ఎన్ని బిళ్లలుంటే అంత కూలి. మా అమ్మమ్మవాళ్ల ఊళ్లో మిరపకాయ కోతకు కిలోల లెక్కన కూలి ఇచ్చే రోజులు గుర్తొచ్చాయి.

ఒక ఆడమనిషి డబ్బా కింద పెట్టి మెడ తుడుచుకుంటుంటే, ఎన్ని బిళ్లలయ్యాయని మేనల్లుడు అడిగాడు. జేబు మీద తట్టి, లెక్కపెడితే చేయి ఆగిపోతుందంది. మా వెంట ఉన్న బోదెగా మనిషి అదే సమయంలో చేత్తో కోసిన ద్రాక్ష ఘనత గురించి చెబుతున్నాడు.

తరువాత మనిషి లోతు గుంత ఒకటి చూపించారు. నేల చూపడానికే తవ్విన గుంత. దిగాను. పైన రెండు జానల మెత్తటి మట్టి, కింద కొండల నుంచి వాగులు ఎప్పుడో దొర్లించుకొచ్చిన గుండ్రాళ్లు. రాళ్ల అడుగున సున్నం వేసినట్టు తెల్లటి పూత. వేలితో గీరితే పొడి రాలింది. సున్నమే అది, క్యాల్షియం కార్బొనేట్. వేళ్లు ఆ రాళ్ల సందుల్లోంచి దారి వెతుక్కుంటూ పోయాయి. యాభై అడుగుల అవతల మరో గుంతలో రాళ్లే లేవు, నిండా ఒండ్రు.

పైకి వచ్చాక రెండు గ్లాసులు. ఒకే తోట, ఒకే ఏడు, ఒకే పద్ధతి, సిమెంటు తొట్టే, కర్ర లేదు. ఒండ్రు నేలది గుండ్రంగా, తియ్యగా, నోరంతా నిండింది, రెండు గుక్కలకు విసుగొచ్చింది. రాళ్ల నేలది మొదట ముఖం చాటేసింది. వాసన రాదు. గ్లాసును అరచేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలకు ఎండిన మరువం లాంటిదేదో కదిలింది. పదిహేను నిమిషాలకు నేరేడు వచ్చింది, అయితే పండు కాదు, దోర. పులుపు సూటిగా వెన్ను నిలిపినట్టుంది. వగరు మాత్రం ఇదివరకు చూడనిది: సుద్దముక్కతో రాశాక వేళ్లకు మిగిలే నునుపైన పొడి స్పర్శ. సున్నపు రాయి రుచి వైన్‌లోకి దిగుతుందని వాళ్లు అన్నారు. రాయి రుచి వేరు తాగుతుందంటే నా రైతు బుద్ధి ఒప్పుకోదు. రాళ్ల నేలలో నీరు నిలవక తీగ కుంగి, కాయ చిన్నదై, తొక్క పాలు ఎక్కువై ఉంటుంది. కారణం ఏదైనా గ్లాసు ఖాళీ చేశాను, మళ్లీ అడిగాను, మళ్లీ పోశారు.

ఆరో రోజు

చివరి సాయంత్రం. బస మేడ మీద మేనల్లుడు నాకు పరీక్ష పెట్టాడు. నాలుగు సీసాలు, నాలుగింటికీ నా మేజోళ్లు తొడిగాడు (ఉతికినవే). కిరాణా కొట్టులోని చవక మాల్బెక్, మైపు సిమెంటు తొట్టిది, లుహాన్ నేరేడు, ఇంకొకటి ఏమిటో చెప్పనన్నాడు. మధ్యాహ్నమే అన్నీ తెరిచి ఐసు బకెట్‌లో కాసేపు పెట్టి తీశాడట. ఇంటి పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయన గ్లాసులో వైన్ పోసుకుని సోడా కలుపుకున్నాడు. నా ముఖం చూసి, "మా నాన్న ఇలాగే తాగాడు, తొంభై ఏళ్లు బతికాడు" అన్నాడు. ఆ వాదానికి జవాబు లేదు.

మొదటి మేజోడు: జామ్, తీపి, పక్కకు పెట్టేశాను. కిరాణా కొట్టు, తప్పులేదు. రెండోది: ఎర్రపళ్లు, చిన్న వగరు, నిరాడంబరం. మైపు. ఇదీ నిజమే. మూడోది నేరేడేనని గ్లాసు ఎత్తకుండానే చెప్పాను. నాలుగోది చాలాసేపు పట్టింది. రంగు ముదురు. వాసన లోతుగా ఉంది, ఎండు అంజూర, కాఫీ గింజ, అడుగున ఎక్కడో నల్లటి పండు. వగరు బిగువుగా, వక్కలాగా, చెంపలను పట్టి వదిలింది. కర్ర ఉంది గాని వీధి గుమ్మంలో లేదు, పెరటి తలుపులా వెనక ఉంది. "పదికి ఎనిమిది. రాళ్ల నేలది. నిన్న నాకు చెప్పకుండా కొన్నావు కదూ?" అన్నాను.

వాడు మేజోడు నెమ్మదిగా లాగాడు. మందపాటి గాజు, మొదటి రాత్రి సీసా.

పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. మేనల్లుడు నా నోటుపుస్తకం తెరిచి "దగ్గుమందుకు చుట్టం" అని గట్టిగా చదివి, స్పానిష్‌లోకి కూడా మార్చి వినిపించాడు.

నేను దాన్ని పొయ్యి పక్క వేడిలో, ఖాళీ కడుపుతో, నిద్రలేని ముక్కుతో చవిచూశాను. వేడికి సారా ఘాటు, వెనిలా తీపి రెండూ పైకి లేస్తాయి. పదహారు, పదిహేడు డిగ్రీలకు దిగితే ఘాటు అణిగి, పులుపు, వగరు తలెత్తుతాయి. నాలుగు గంటలు గాలి తగిలాక కర్ర కూడా కొంత లొంగింది. అలాగని మొత్తం వెనక్కి తీసుకోను. మూడో గ్లాసు దాకా వెళ్లాక ఆ వెనిలా మళ్లీ చుట్టపుచూపుగా వచ్చి పీట వేసుకుంది. ఎనిమిదిని ఏడు చేశాను. నాలుగును కొట్టివేసి, పక్కన ఏమీ రాయలేదు. ధర సంగతిలో మాత్రం రాజీ లేదు.

రాత్రి పెట్టె సర్దాను. మన విమానాశ్రయంలో మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు, అంటే ముప్పావు లీటరు సీసాలు రెండే. మేనల్లుడు మందపాటి సీసా ఒకటి కొని బహుమతిగా ఇవ్వబోయాడు.

"వద్దురా, సీసా బరువుకే సామాను రుసుము కట్టాలి" అన్నాను.

లుహాన్ నేరేడు ఒకటి, రాళ్ల నేలది ఒకటి తీసుకుని, పంచె మధ్య చుట్టి, బట్టల నడుమ పెట్టాను. ఇల్లు చేరేసరికి ఏప్రిల్ చివర. వీధిలో తాటాకు బుట్టల్లో నేరేడు పళ్లు అమ్మకానికొచ్చేది జూన్‌లో. అప్పటిదాకా సీసా తెరవొద్దని ఇంట్లో ముందే ఫోను చేసి చెప్పాను. ఉప్పు చల్లిన నేరేడు పళ్లు పళ్లెంలో, పక్కన గ్లాసు పెట్టుకుని, ఒకదాని తరువాత ఒకటి చూడాలి.